మడక పడని మిట్ట

వాన పడితే ఊరంతా సంబరపడతాది. గొర్రెలున్న మా ఇంట్లో మాత్రం అప్పుడే గుబులు మొదలయ్యేది. ఎందుకంటే తొలకరి పడిందంటే ముదిగుబ్బ చుట్టుపక్కల యాడ చూసినా శెనక్కాయ ఇత్తనం పడతాది. ఇంక గొర్రె ఏ చేన్లో నోరు పెట్టినా గొడవే. పంట ఇంటికి వచ్చే దాకా మందను తోలుకొని పోయేదానికి మా ఊర్లో ఒకే ఒక తావు ఉండేది, గుట్ట కింద మిట్ట. అది సర్కారు బీడు. ఆ మిట్టలో ఎవురూ మడక పెట్టి దున్నగూడదని కట్టుబాటు. కాగితమూ లేదు, సంతకమూ లేదు. మడక పెట్టినోళ్ల చేన్లో ఎండాకాలం ఎవురూ గొర్రెల మందను నిలపరు, అంతే. మంద నిలవకపోతే చేనికి ఎరువు లేదు. ఆ బయంతోనే ఎంతటి ఆశపోతు కూడా మిట్ట జోలికి పోలేదు.

నాయనకు ఆ మిట్ట అంటే చెప్పలేనంత గర్వం. ఇంటికి చుట్టాలు వస్తే ముందు ఆడికే పిల్చుకొని పోయేవాడు. మా తాత తాత కాలం నుంచీ ఈ నేలకు మడక తగల్లేదని చెప్పి, వాళ్లు తల ఊపే దాకా వదిలేవాడు కాదు. మేము నవ్వుకొనేవాళ్లం.

నేను డిగ్రీ చదివి ముదిగుబ్బలో ఒక జిరాక్సు అంగట్లో పనికి కుదిరినా. ఊర్లో పింఛను అర్జీ కానీ, రేషన్ కార్డు అర్జీ కానీ అన్నీ నా చేతి రాతే. నాకు రాత వచ్చునని కొంచెం పొగరు కూడా ఉండేది, దాచుకొనేదేముంది.

ఒకరోజు ఇస్కూలు వరండాలో మీటింగు పెట్టినారు. గుట్ట కింద సోలార్ ప్లేట్లు పెడతారంట. వచ్చిన ఆఫీసరు బాగా మాట్లాడినాడు. వానలు ఎందుకు తప్పిపోతాండాయో, ఎండలు ఎందుకు ఇట్ల మండుతాండాయో, బొగ్గు కాల్చే కరెంటుకు ఎండ కరెంటుకు తేడా ఏమో అన్నీ ఇప్పి చెప్పినాడు. ఏటేటా శెనక్కాయ ఎండిపోతాంటే చూసినదాన్ని, నాకు ఆ మాటలు నేరుగా మనసులో దిగినాయి. నాయన మాత్రం లేచి, మా గొర్రెల గతేమి సామీ అని ఒకే మాట అడిగినాడు.

"ప్లేట్లు ఎత్తులో ఉంటాయి పెద్దాయనా. కింద గడ్డి ఇంకా బాగా వస్తుంది. మీ గొర్రెలు చల్లగా నీడలో మేస్తాయి" అన్నాడు ఆఫీసరు.

అందరూ నవ్వినారు. నాయన కూడా నవ్వినాడు. ఆ పొద్దు నుంచి నేనే ఇల్లిల్లూ తిరిగి ఆడోళ్లకు నచ్చజెప్పినా. పొగ లేదు, బూడిద లేదు, మన ఎండ మనకు పనికొస్తాదక్కా అని. నన్ను ఎవురూ పంపలే. నా అంతట నేనే పోయినా.

సోలార్ కోసం నేల కొలిచే సర్వే రావడానికి నెల ముందర నాయన మందను తిప్పుకొస్తాంటే, మిట్ట మూలన పెద్ద బండ ఎనక నేల దున్ని ఉండాది. ఉలవలు మొలిసినాయి. దున్నించింది చిన్నాయన, నాయన తమ్ముడు. ఆయన ఎప్పుడో గొర్రెలు వదిలేసి బండి మీద ఆఫీసుల ఎంట తిరిగేవాడు. తల్లి చచ్చిపోతే నాయనే ఆయన్ను భుజాన ఏసుకొని సాకినాడు. నాయన అడిగితే, "నీ గొర్రెలకే అన్నా. ఎండాకాలం మేత అయితాదని చల్లినా" అన్నాడంట.

నాయన నమ్మినాడు. నమ్మడమే కాదు, కట్టుబాటు తప్పినాడని ఊరోళ్లు కొట్లాటకొస్తే అందరికీ తనే సర్దిచెప్పినాడు. నా తమ్ముడు నా మంద కోసమే చేసినాడప్పా, వాన్ని ఏమనద్దండి అని. 

సర్వే నాడు టేపులు పట్టుకొని నలుగురు వచ్చినారు. ఈ నేల ఎవురు సాగు చేస్తాండారని అడిగినారు. నాయన తలగుడ్డ సర్దుకొని, చుట్టాలకు చెప్పినట్టే చెప్పినాడు. "ఆ బండ ఎనక నా తమ్ముడు ఉలవలు చల్లిన మూల తప్ప దీనికి ఎన్నడూ మడక తగల్లేదు సామీ. ఎవురినీ తగలనియ్యలేదు." ఆ మాటను కాగితం మీద పెట్టమన్నారు. రాసింది నేను. తప్పులు లేకుండా గుండ్రంగా రాసినా. కింద నాయన ఏలిముద్ర ఏసినాడు. మేము మిట్టను ఎంత బాగా కాపాడినామో సర్కారుకు తెలిసిందనే అనుకొన్నాం ఇద్దరమూ. అంత ఎర్రోళ్లం.

తర్వాత పంచాయతీ గోడకు జాబితా అంటించినారు. సాగు చేసినోళ్లకు ఏటేటా కౌలు. ఎవురూ సాగు చేయని నేల, ఎవురికీ పనికిరాని నేల కింద పోయింది. గొర్రెలు మేపుకొనేవాళ్లకు ఆ కాగితంలో గడే లేదు. జాబితాలో మా ఊరోళ్ల పేరు ఒకటే, చిన్నాయనది. బండ ఎనక ఉలవలు చల్లిన నేల చెక్కకు. ఏమి అడుగుతారో, ఏమి చెప్పాల్నో ఆయనకు ముందే తెలుసు. పక్కింట్లోనే ఉండి ఒక్క మాట చెప్పలే. నమ్మించి గొంతు కోయడమంటే ఏందో నాకు అప్పుడు తెలిసింది.

ఎండాకాలంలోనే కంచె పడింది. మళ్లీ తొలకరికి మందను తోలుకొని పోతే గేటు కాడ ఆపినారు. ప్లేట్ల కింద మేపుకోవచ్చని మీటింగులో చెప్పినారు కదన్నా అని నేను అడిగితే, కాగితం ఉండాదా అన్నాడు గేటుకాడ మనిషి. గొర్రెలు వైర్లు కొరుకుతాయంట. అనుమతి పెద్దాఫీసు ఇయ్యాలంట. ఆ ఆఫీసుకు కాళ్లరిగేటట్టు తిరిగినాం. ఆ మాట చెప్పిన ఆఫీసరు బదిలీ అయి పోయినాడు. ఊరందరి అర్జీలు రాసిచ్చిన నేను, ఆ పొద్దు ఆయన మాటను రాయించుకోలేదు. నాయన మాటను మాత్రం రాసిచ్చినా.

నెల్లాళ్లు రోడ్డు పక్కన మేపినాం. ఒకరి చేన్లో పడినందుకు నాయన ఆ మనిషి కాళ్లు పట్టుకొన్నాడు. ఆ మరుసటి వారమే మందంతా సంతలో ఒక బేరగానికి ఇచ్చేసినాడు. ఇంటికొచ్చి ఖాళీ దొడ్డి చిమ్మినాడు. 

ఎండ కరెంటు మీద నాకు కోపం లేదు. ఇప్పటికీ అది మంచిదే అంటా. దాన్ని మా నెత్తిన పెట్టిన తీరు మీదనే నా కోపం. మంచి పని పేరు చెప్పి మోసం చేస్తే ఎవురితో చెప్పుకోవాల?

వానలకు ప్లేట్ల కింద గడ్డి నడుం ఎత్తు పెరిగింది. దాని నీడ ప్లేట్ల మీద పడి కరెంటు తగ్గుతాందని వాళ్లు గడ్డి తీసే పని బయటికిచ్చినారు. ఆ పని చిన్నాయనకు దొరికింది. కొడవళ్లతో కాకుండా గొర్రెలతో మేపిస్తానని చెప్పినాడంట. ఆయనకు అనుమతి ఒక్క పొద్దులో వచ్చింది.

పోయిన నెల నేను, నాయన కంచె పక్క బాటన నడిచిపోతాంటే లోపల మంద మేస్తాంది. నాయన నిలబడిపోయినాడు. ముందున్న గొర్రె ఎడమ చెవికి రెండు కోతలు ఉండాయి. అది మా ఇంటి గుర్తు, నాయన చేత్తో కోసింది. బేరగాని దగ్గర చిన్నాయనే మందను కొన్నాడని అప్పుడు తెలిసింది. నాయన నోట్లో నుంచి, తెలిసో తెలియకో, పిలుపు వచ్చింది. చిన్నగా, నాలుకతో చేసే సద్దు. మంద మొత్తం తలలెత్తి పరిగెత్తుకుంటా వచ్చి కంచెకు ఆనుకొన్నాది. వైర్ల సందులో మూతులు పెట్టి ఆయన చేతులు వాసన చూసినాయి.

నాకు ఏడుపు ఆగలే. చిన్నాయన ఇంటికి ఇప్పుడే పోదాం పా, నాలుగు మాటలు అడుగుదాం అన్నా. నాయన నా మాట ఇనలేదు. కంచె ఇవతల నుంచే చెయ్యి ఆడించి మందను ఎనక్కి తోలతాండాడు.

"పొండి, పొండి. ఈడేముంది నా కాడ? మేత ఆడుండాది."