పాటకే నోరు తెరిచిన మా అత్త

మొన్న ఆదివారం పొద్దున్న మా అత్త పోయింది. మధురవాడలో తన ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, కాఫీ వచ్చేలోపే పోయింది. మర్నాడు పేపరులో చిన్న వార్త వేశారు. పక్కనున్న ఫోటో మాత్రం ఇంకో గాయనిది.

ఆమె మా నాన్నకు అక్క. ఎలమంచిలి దగ్గర పల్లెలో వ్యవసాయ కుటుంబం. బడి ప్రార్థనలో ఆమె గొంతు విన్న మాస్టారొకరు చెబితే, తాత విశాఖ తీసుకొచ్చి ఒక విద్వాంసుడి దగ్గర చేర్చాడు. ఆ గురువుగారు పాట విని తలాడించారు. మాట విని మొహం చిట్లించారు.

"గొంతు దేవుడిచ్చాడు. ఆ యాస మాత్రం సభలో వినిపించకు. పాటకే నోరు తెరువు," అన్నారు.

అత్త ఆ మాట జవదాటలేదు. కచేరీల్లో ఏ రాగమో, ఏ కీర్తనో పక్కనున్న వయొలిన్ ఆయనే చెప్పేవారు. ఎవరైనా మెచ్చుకుంటే చేతులు జోడించి ఊరుకునేది. అందరూ దాన్ని పొగరనుకున్నారు. పొగరున్న మనిషికి పిలుపులు తగ్గాయి.

ఇంట్లో మాత్రం మాటల పుట్ట. నాకు కొన్నేళ్లు సంగీతం చెప్పింది. కచేరీకి పనికిరానని మొదట చెప్పిందీ తనే. "నీకు పాడ్డం రాదే. ఇనడం వచ్చు. అదీ సాలామందికి రాదు," అంది. ఆ రోజు ఏడ్చాను గానీ, ఇవాళ ఏ పాట విన్నా ఆమెకు రుణపడే వింటున్నాను.

తర్వాత మెడలో గడ్డకు ఆపరేషనైంది. కొన్ని నెలల్లో గొంతు మామూలవుతుందన్నారు. కాలేదు. రోజూ తెల్లవారుజామున సాధనకు కూర్చునేది. పై షడ్జం దగ్గర గొంతు చీలిపోయేది. మళ్లీ కిందినుంచి ఎత్తుకునేది. మావయ్య లేచి గది తలుపు వేసుకునేవాడు. ఒకరోజు తంబురాకు గుడ్డ చుట్టేసింది.

నిరుడు ఒక సభవారు సన్మానమన్నారు. తోడు నేనే వెళ్లాను. శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. అత్త దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఇన్నేళ్లూ నా పాట ఇన్నారు. ఇప్పుడు నాను పాడలేను. ఏటి సెప్పమంటారు?"

హాలంతా నవ్వింది. సరదాకి యాసలో మాట్లాడుతోందనుకున్నారు. ఆమె శిష్యురాలే, ఇప్పుడు పేరున్న గాయని, ముందు వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వులు ఆగేదాకా అత్త ఆగింది.

"మా గురువుగారు సెప్పింది నిజమే," అని మైకు ఇచ్చేసింది. దానికి చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తుంటే బీచి దగ్గర ఆటో ఆపించి బజ్జీల బండి దగ్గరికి నడిచింది. గొంతు కోసం చిన్నప్పటినుంచీ కారం ముట్టని మనిషి. మిరపకాయ బజ్జీ తీసుకుని తొడిమ దాకా కొరికింది. కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు ధారకట్టాయి. నేను నీళ్లందిస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోటియ్యి నాయనా," అంది బండివాడితో, బొంగురుగా.

"మీది ఏ ఊరమ్మా?" అన్నాడతను.

అత్త ఊరి పేరు చెప్పింది. అతని మేనమామలదీ ఆ పక్క ఊరేనట. ఇక ఇద్దరూ మాటల్లో పడ్డారు. నోటినిండా బజ్జీ పెట్టుకుని, చేతుల నూనె సన్మానం శాలువాకు తుడుచుకుంటూ, ఆమె మాట్లాడుతూనే ఉంది.