ఆదివారం బొగ్గు

మా నాయిన చేతులు ఎంత పెద్దవంటే, ఆయన చెయ్యెత్తి సలాం పెడితే ఎదుటి మనిషికి గొడుగు పట్టినట్టుండేది. ఆయన ఎక్కితే ఇల్లందు బస్సు ఆ పక్కకు ఒరిగేదని నేను బడిలో చెప్పేవాణ్ణి. నేను చెప్పేవాటిలో సగం అబద్ధం, మిగిలిన సగం అబద్ధానికి అన్న. కాని ఆయన నలుపు గురించి మాత్రం పెంచి చెప్పాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

నాయిన ముత్తాత ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చి నిజాం గుర్రపు దళంలో చేరిండట. హైదరాబాదులో వాళ్లను సిద్దీలంటరు, హబ్షీలంటరు. నాయిన బొగ్గుబావిలో పని దొరికి ఇల్లందు వచ్చిండు. అక్కడి దవాఖానాలో ఆయాగా చేసే మా అమ్మను చేసుకున్నడు. అమ్మది నేలకొండపల్లి దిక్కు కిరస్తానీ కుటుంబం. పచ్చటి మనిషి. నేను అచ్చం అమ్మ పోలిక, పేరు కూడా అమ్మ పెట్టిందే. నాయిన నుంచి నాకు దక్కింది ఉంగరాల జుట్టొక్కటే. దాన్ని కూడా అమ్మ గిన్నెడు ఆముదం పోసి అణగదొక్కేది.

నాయిన ఎవరో ఎవరికీ అంతుబట్టేది కాదు. భద్రాచలం దిక్కు సంతకు పోతే కోయ ముసలవ్వలు తమవాడే అనుకొని వాళ్ల భాషలో మంచిచెడ్డ అడిగేవాళ్లు. ఈయన ఉర్దూలో జవాబిచ్చేవాడు. ఒకరి మాట ఒకరికి తెలియకుండా అరగంట ముచ్చట నడిచేది. హైదరాబాదు చుట్టాలేమో "నువ్వు తెలుగోడివైపోయినవ్ పో" అనేవాళ్లు. బావిలో తోటివాళ్లు "భాయ్, సబ్బు దండుగ మాకే, నీకెందుకు" అంటే అందరికంటే గట్టిగా నవ్వేది నాయినే.

ఎనభైల మొదట్లో ఇంటర్ చదువుకు ఖమ్మం హాస్టల్లో చేరిన. మొదటి నెల ఓ ఆదివారం నాయిన చూడవచ్చిండు. తెల్లటి లాల్చీ, పైజమా, అత్తరు, చేతిలో మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్. బగారన్నం వాసన కంటే ముందు ఆయన కనపడ్డడు. నా గదిలో ఉండే మధిర పిల్లగాడు, రైతుల బిడ్డ, నన్ను పొడిచిండు.

"ఎవర్రా ఆయన?"

"మా నాయిన."

"ఏందిరా, అంత నలుపు?"

నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. కాని నా నోటికి రెండు మాటల అలవాటు లేదు.

"బొగ్గుబావి రా. ఇరవై ఏండ్ల సంది. తోలులోకి దిగింది, ఎంత రుద్దినా పోదు. అసలు మా నాయిన నాకంటే ఎరుపు. పెండ్లినాడు దొర లెక్క ఉండెనట. ఆ బావి వేడికి వెంట్రుకలు కూడా ముడుచుకపోయినయ్."

గదంతా నవ్వింది. నేనూ నవ్వుకుంటూ వెనక్కి తిరిగిన. గడపలో నాయిన.

"తిను బేటా, సల్లారుతది" అని గిన్నె మూత తీసిండు. నేను తిన్నంతసేపూ కిటికీ దిక్కు చూస్తూ కూసున్నడు.

మళ్లీ నెల, ఆదివారమే, బావి బట్టల్లో వచ్చిండు. కాళ్లకు బూట్లు, చంకలో బావి టోపీ, మొహం మీద, మెడ మీద, మోచేతుల దాకా బొగ్గు. నేను నోరు తెరవక ముందే మధిర పిల్లగానితో తానే అన్నడు: "డ్యూటీ దిగి సీదా వచ్చిన బాబూ. స్నానం చేస్తే బస్సు పోతది." సీట్లు మాసిపోతయని కండక్టరు ఖమ్మం దాకా నిలబెట్టిండట. అది కూడా పెద్ద తమాషా లెక్కనే చెప్పిండు.

ఆదివారం బావికి సెలవు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ కూరగాయలు తరుగుతూ చెప్పింది. "పొయ్యిబొగ్గు నూరుకుంటడు. అద్దం ముందట కూసుంటడు. చెవుల ఎనక అందదు, నువ్వు పెట్టవే అన్నడు. నా చేతులతోని నేను పెట్టనయ్యా అన్న." కత్తిపీట మీద నుంచి తలెత్తలేదు. "నువ్వన్న చెప్పు, వద్దని."

చెప్తనన్న. రెండేండ్లు, నెలకోసారి వచ్చిండు. చెప్పలే. చెప్పాలంటే ముందు ఆ మాట అన్నది నేనేనని ఒప్పుకోవాలె. ఆయన మాత్రం ఒక్కసారన్నా చెవుల వెనక మర్చిపోలేదు.

చాలా ఏండ్లకు, తొంభైల్లో, ఖమ్మంలో ఖానాపురం హవేలి దగ్గర ఆ మధిరవాడు స్కూటరాపి పలకరించిండు. అవీ ఇవీ అయినంక, "మీ నాయిన బాగున్నాడా?" అన్నడు.

"బాగున్నడు."

"ఆదివారం బావికి సెలవని మాకు తెలియదనుకున్నావా? మా మేనమామ అక్కడే పని చేశాడు. మాకు రెండోసారికే తెలిసిపోయింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఎవరం ఆ మాట ఎత్తలేదు."

అంటే ఆ బొగ్గును నమ్మినవాడు ఒక్కడూ లేడు. వచ్చే ఆదివారం ఇల్లందు పోయి నాయినతో ఈ ముచ్చట చెప్పాలనుకున్న. ఆ ఆదివారం ఏదో పనిపడ్డది. మరుసటి ఆదివారం కూడా. ఆ వానాకాలం దాటకుండనే కబురొచ్చింది.

పెరట్లో బల్ల మీద పడుకోబెట్టిండ్రు. స్నానం చేయించడానికి మసీదు నుంచి ఓ పెద్దమనిషి వచ్చిండు. నేను చెంబు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టిండు.

"నువ్వేమైతవ్?"

"కొడుకును."

నా మొహం చూసిండు. నాయిన మొహం చూసిండు. మళ్లీ నా మొహం.

"సొంత కొడుకువేనా?"

"అవ్."

ఆయన గడపలో ఉన్న అమ్మ దిక్కు చూసిండు. అమ్మ తలూపినంకనే చెంబు నాకిచ్చిండు.

చేతులు కడిగిన. మామూలు చేతులే. నా చేతులంతే ఉన్నయ్. మెడ కడిగిన. చెవుల వెనక వేలు పెట్టి రుద్దుకుంటూ నీళ్లు పోస్తనే ఉన్న.

"చాలు బాబూ," అన్నడు పెద్దమనిషి. "శుభ్రంగనే ఉన్నది."