కవరు బంక

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చికి దైవాశీర్వాదం సెక్రటరీ. కరోనా రోజుల్లో ఏ ఇంట్లో చావు జరిగినా ఆదరణ ఉత్తరం ఆయనే రాసేవాడు. రాసేదేముంది! వెనకటి రోజుల్లో ఊళ్లమీద జ్వరాలు పడినప్పుడు క్వేకర్లనే క్రైస్తవ శాఖ భక్తులు రాసుకున్న ఓదార్పు లేఖల పుస్తకం ఒకటి దొరికింది. అందులోంచి తెలుగు చేసి, పేరు మార్చి, కవరు అంచుని నాలుకతో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిపి అంటించేవాడు. ఊరంతా మూతికి మాస్కు కట్టుకుంటే ఈయనగారి నాలుక మాత్రం బయటే. "తడిగుడ్డ వాడొచ్చు కదండీ" అని భార్య పర్సిస్ ఎన్నిసార్లన్నా వినలేదు. ఆవిడే మొహం తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం రూతు ఫోన్ చేసింది. ఆమె భర్త పోయి పది రోజులు. దైవాశీర్వాదం స్పీకర్ ఆన్ చేశాడు. "మీ లెటర్ చదివాను అన్నయ్యా. అయినవాళ్లంతా మంచం చుట్టూ ఉండగా, చివరిగా మంచి మాట చెప్పి కన్నుమూశారని రాశారు. మమ్మల్ని హాస్పిటల్ పార్కింగ్ లాట్ కూడా దాటనివ్వలేదు. ఆయన చెప్పిన మాటేంటో మీకు తెలిస్తే చెప్పండి." పర్సిస్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటానమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఇంకొకరి పేరుతో అదే ఉత్తరం ఉన్న కవరు అందుకుని నాలుక చాపాడు.