మట్టి అంటని జెర్సీ

నాన్న పోయి రెండు నెలలైనాది. ఇంతవరకూ నాకు ఏడుపు రాలేదు. దినానికి వచ్చినోళ్లు నా మొహంలోకి తొంగి తొంగి సూసినారు, ఎప్పుడు బోరుమంటాదో అని. నేను టీ కప్పులు కడుగుతా కూసున్నాను. రాతిగుండె అనుకుని ఉంటారు, అనుకోనీ. ముప్పై ఏళ్లు సబ్బునీళ్లలో నాని నా వేళ్లకి స్పర్శ సగం పోనాది, వేడి కప్పు పట్టుకున్నా కాసేపటిదాకా తెల్దు. లోపల కూడా అదే వరస. ఏటీ తగల్దు.

మాది దోబీ ఇల్లు. మలాయి దేశంలో హుటాన్ మెలింటాంగ్ ఊళ్లో బస్సు రోడ్డు పక్కన ముందు కొట్టు, ఎనక ఇల్లు, పెరట్లో ఉతికే బండ. నాన్న కాలేజీ బట్టలు ఉతికేవాడు. కాలేజీ అంటే పెద్ద సదువులది కాదు, ఇక్కడ పేరున్న హాస్టల్ బడిని కూడా కాలేజీ అనే అంటారు. దానికో రగ్బీ జట్టు. తెలీనోళ్లకి సెప్తాను: గుడ్డులాటి బంతిని సంకన పెట్టుకుని పరిగెత్తాల, అవతలోళ్లు మీదపడి కింద పడేస్తారు. అంతే లా, ఇక్కడోళ్లు అన్నట్టు. అందరికన్నా జోరుగా పరిగెత్తేవోళ్లని రెండు అంచుల్లో నిలబెడతారు. జట్టుకి పేరొచ్చినా పరువు పోయినా వాళ్ల కాళ్ల మీదే.

శనివారం ఆట, ఆదివారం పొద్దున్నే గోనెసంచి నిండా జెర్సీలు. అమ్మ నా సిన్నప్పుడే పోనాది, అందుకని బండ కాడ నాన్నా నేనూ. నాన్న జన్మలో ఒక్క ఆట సూడలేదు, శనివారం ఇస్త్రీ పని తెమిలేది కాదు. అయినా ఎవడెలా ఆడినాడో సంచి విప్పి సెప్పీసేవాడు.

"ఇది సూడే గుంటా. కాలరు సిరిగింది, ఈపు మీద గోళ్ల గీతలు. గుండె మీద మాత్రం సుక్క బురద లేదు. ఎనక నుంచి పట్టుకోబోయినారు, దొరకలేదు ఈడు. ఈడూ పరిగెత్తేవోడంటే!"

అదీ ఆయన లెక్క. గుండె మీద మట్టి లేనోడే మొనగాడు. నాకు నవ్వొచ్చేది గాని, తరవాత కాలేజీ పిల్లలు మెచ్చుకునేదీ సరిగ్గా ఆ జెర్సీవోడినే. ఒక్కసారి కూడా నాన్న తప్పలేదు.

తమ్ముడు నాకన్నా ఐదేళ్లు సిన్న. నేను బడి మానేసి బండ కాడికొచ్చినాను, ఆడు కాలేజీలో సేరినాడు. పదహారో ఏట జట్టులోకి తీసుకున్నారు. జెర్సీ నంబరు ఇరవై ఒకటి. మొదటి ఆదివారం సంచి విప్పి నాన్న ఆ జెర్సీని ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు. ముందూ ఎనకా తిప్పినాడు. ఎక్కడా మచ్చ లేదు.

"ఓలమ్మో! ఈపు మీద కూడా లేదే! ఎవుడూ ముట్టుకోనైనా లేదు ఈణ్ణి!"

మధ్యాన్నానికల్లా టీ కొట్టులో అందరికీ తెలిసిపోనాది, దోబీ కొడుకు గాలికి కూడా దొరకడని.

నేను ఆ జెర్సీని ముక్కు కాడ పెట్టుకున్నాను. సెమట వాసన లేదు. బీరువాలో వేసే కలరా ఉండల వాసన. మరుసటి శనివారం ఇస్త్రీ బట్టలు ఇచ్చే వంకతో కాలేజీకి పోయి సూసినాను. ఆడేది పదిహేను మందే. పదహారో నంబరు నుంచి బెంచీ మీద కూసుంటారంట. మావోడు ఆ సివర కూసుని నిమ్మకాయ ముక్కల డబ్బా పట్టుకుని ఉన్నాడు. నన్ను సూడలేదు. నేను సైకిలు తిప్పుకుని వచ్చీసినాను.

నాన్నకి సెప్పలేదు. ఎలా సెప్పనూ? నా సదువు బండపాలైనాది. కొడుకు కూడా బెంచీ మీదే అంటే ఆయనకి మిగిలేదేటి? అందుకని ఆ మచ్చలేని జెర్సీని బురద జెర్సీల మధ్యన కుక్కి, అన్నిటికన్నా ఎక్కువ సబ్బు పెట్టి, అన్నిటికన్నా గట్టిగా బాదేదాన్ని. లోపల ఇస్త్రీ సేస్తున్న నాన్నకి వినపడాలని. మావోడి జెర్సీకీ పనుందని తెలియాలని. రెండేళ్లు, ప్రతి ఆదివారం. ఆరేసేటప్పుడు నాన్న దాన్ని తీసుకెళ్లి మొదటి తీగ మీద, మొనగాళ్ల జెర్సీల పక్కన వేసేవాడు. సదువు అయిపోయినాక కాలేజీవోళ్లు జెర్సీని ఆడికే ఇచ్చీసినారు. నాన్న బీరువాలో పైఅరలో పెట్టినాడు.

ఈ ఏడు కాలేజీ పండగకి ఒక పుస్తకం ఏసినారు. అందులో, జట్టు పుట్టినప్పటి నుంచి గొప్పగా పరిగెత్తినోళ్ల గురించి రెండు పేజీలు. ఈ కబురు తెలిసిన నాటి నుంచి నాన్నకి అదే ధ్యాస. అప్పటికే మంచం పట్టినాడు, కళ్లకి మసక. ఇంగ్లీషు సదువు ఎలాగూ రాదు.

"మావోడి పేరు ఉంటాది. నువ్వే సదవాల. ఆణ్ణి కూడా రమ్మను."

తమ్ముడికి కువాలా సెలంగోర్‌లో మోటారు సైకిళ్లు బాగుసేసే కొట్టు. కారులో వచ్చినాడు. వాకిట్లోనే ఆడి సేతిలో పుస్తకం పెట్టినాను. రెండు పేజీలూ సూసి నాకే తిరిగిచ్చీసినాడు. "నేను లోపలికి రానక్కా," అన్నాడు. "వచ్చి కూసో," అన్నాను, అంతే. కోపంగా అన్నానో ఎలా అన్నానో గుర్తు లేదు.

ఏడుగురి పేర్లున్నాయి. ఒక్కో పేరూ సదువుతుంటే నాన్న మంచం మీద నుంచే వాళ్ల జెర్సీలు సెప్పినాడు. పోలీసు సార్జంటు కొడుకు. "ఆడా! ముక్కు జెర్సీ ఎడం సేతికే తుడిసేవాడు, ఎదవ." చేపల పడవ మలాయి కుర్రాడు. "ఎనక కింద అంచుకి తప్ప ఎక్కడా బురద లేదు. గీత దాటినాక జారేవాడు." సామాన్ల కొట్టు చీనా తాత మనవడు. "ఆడి కాలరు నాలుగుసార్లు కుట్టినాను." కళ్లు కనపడని మనిషి, ఏళ్ల కిందటి మరకలు ఒక్కటీ మర్చిపోలేదు. తమ్ముడు తల దించుకుని సెప్పుల్లో కాలివేళ్లు కదుపుతా కూసున్నాడు.

ఏడో పేరు అయిపోనాది. నేను పేజీ తిప్పినాను. తిప్పిన పేజీ మీద కాలేజీ వంటశాల ఫోటో ఉంది. దాన్ని సూస్తా ఎనిమిదో పేరు సదివినాను, మా తమ్ముడిది.

"ఏటి రాసినారు?" అన్నాడు నాన్న.

"ఎవరికీ అందేవాడు కాదని రాసినారు."

తమ్ముడు లేసి వాకిట్లోకి పోనాడు.

"ఆ జెర్సీ ఇలా తే," అన్నాడు నాన్న.

తెచ్చి సేతిలో పెట్టినాను. బొటనవేలితో కాలరు తడిమినాడు, మోచేతులు తడిమినాడు. అక్కడ గుడ్డ జల్లెడలాగుంది, వేళ్లు అవతలికి కనపడతన్నాయి.

"ఏటే గుంటా. మచ్చలేని గుడ్డని అంతలా బాదితే మిగుల్తాదా?"

నేను పుస్తకం మూసీసినాను.

"నలభై ఏళ్లు సెమట ఉతికినోణ్ణి. మొదటి రోజే తెలిసినాది, దీన్ని ఎవుడూ తొడుక్కుని పరిగెత్తలేదని. అప్పటికే టీ కొట్టులో వాగేసినాను, ఎనక్కి తీసుకోలేకపోనాను. మరుసటి ఆదివారం నుంచి నువ్వు బాదడం మొదలెట్టినావు. తమ్ముడంటే నీకంత గొప్పేమో అనుకున్నాను. నాకు తెలుసని సెప్తే నువ్వు ఏడుస్తావని ఊరుకున్నాను." ఆయాసం ఆగేదాకా కళ్లు మూసుకున్నాడు. "లోపల వింటంటే ఆ దెబ్బలు నాకే తగిలేవే."

తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటన్నాడో తెల్దు. "ఒకరోజు నేనే బురద పూసుకుని వద్దామనుకున్నాను నాన్నా," అన్నాడు. "బురద లేకపోతేనే నీకు సంతోషం కదా అని మానేసినాను." ముగ్గురం ఒకరికోసం ఒకరం అన్నేళ్లు అబద్ధం ఉతుక్కున్నాం. నవ్వాల, లేపోతే ఏడవాల. నాకు రెండూ రాలేదు.

"ఎనిమిదో పేరు నిజంగా లేదు కదే?" అన్నాడు నాన్న.

"లేదు."

"మంచిది. ఆ జెర్సీ ఒకసారి నీళ్లలో ముంచి తియ్యి. కలరా ఉండల కంపు. బాదకు మాత్రం."

తరవాత సేద్దాంలే అనుకున్నాను. ఆరో రోజున నాన్న పోనాడు.

నిన్న తమ్ముడు ఫోన్ సేసి జెర్సీ తనకి కావాలన్నాడు. ఈవేళ పొద్దున్న దాన్ని బాల్చీలో ముంచి తీసినాను. నీళ్లు ఎలాగున్నవి అలాగే ఉన్నాయి. అలవాటు కొద్దీ సెయ్యి పైకి లేసింది, బండ మీద కొట్టడానికి. ఆపీసినాను. గుడ్డ సిరుగుతాదని కాదు. లోపల వినడానికి ఎవరూ లేరు.