మూటకు కట్టిన గళ్ల గుడ్డ

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. బట్టలు కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె అనుకుంటుంది. నోటిని బట్టి వచ్చిందని వీధి అనుకుంటుంది. రెండూ నిజమే.

ఆమెది ఒంటిగది కొట్టు, దాని వెనకే కాపురం. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు కొక్కేలు, బల్ల కింద పీలికల బుట్ట. మిషను ముందు కూర్చుని తలెత్తితే ఎదురుగా వీధి మలుపు, ఆ మలుపులో చెత్తకుప్ప. చెత్తబండి రోజూ పొద్దున్నే గుమ్మం గుమ్మం ముందూ ఆగి ఈల వేస్తుంది. అయినా జనానికి ఆ మలుపు మీదే మమకారం. బండి వచ్చేదాకా ఆగడానికి ఎవరికీ తీరిక ఉండదు, అది వెళ్లాక తిట్టిపోయడానికి మాత్రం బోలెడంత తీరిక.

"నువ్వొక్కదానివి మొత్తుకుంటే దేశం బాగుపడుతుందా? నీ పని నువ్వు చూసుకో," అనేవాడు భర్త. ఆయన బేకరీ వ్యాను నడుపుతాడు, తెలతెలవారుతుండగానే వెళ్లిపోతాడు.

"దేశం సంగతి నాకెందుకండీ? నా కిటికీ బాగుపడితే చాలు," అనేది ఆమె.

అందుకు ఆమె దగ్గర ఒక ఆయుధం ఉంది. కుట్టగా మిగిలిన ముక్కలను పొట్లం కట్టి ఎవరివి వాళ్లకే ఇచ్చేస్తుంది. గుడ్డ నొక్కేసిందన్న మాట పడటం ఆమె వల్ల కాదు. ఆ పీలికలతోనే వీధిలోవాళ్లు చెత్తమూటలకు ముడి వేస్తారు. అందుకే ముడి చూస్తే చాలు, మూట ఎవరిదో ఇట్టే పట్టేసేది. "మావయ్యగారూ, మీ నీలం చారల చొక్కా మలుపులో పడుకుంది. చలేస్తుందేమో, ఇంటికి తీసుకెళ్లండి," అని కిటికీలోంచి కేకేసేది. ఎదురింటి మావయ్యగారు నాలుక కరుచుకుని, మూటను చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. చూస్తూ చూస్తూ ఉండగానే కుప్ప సగానికి సగం తగ్గింది. కత్తెరక్కకు కాళ్లు నేలమీద ఆనలేదు.

సరిగ్గా అప్పుడే ఒక పొద్దున మలుపులో పసుపు గళ్ల పీలికతో కట్టిన మూట కనబడింది. ఆ గళ్ల గౌను అదే వీధిలో ఉండే హెడ్ నర్సుది, కుట్టింది తనే. ఆస్పత్రి నర్సుల యూనిఫారాలన్నీ కత్తెరక్క చేతికి వచ్చేది ఆవిడ వల్లే. ఆ పని పోతే కొట్టుకు తాళం వేసుకోవాల్సిందే. నోరు మూసుకుందామని ఒక్క క్షణం అనుకుంది. కానీ మావయ్యగారికి ఒక న్యాయం, నర్సుగారికి ఒక న్యాయమా? డ్యూటీకి వెళుతున్న మనిషిని నడివీధిలో ఆపేసింది.

"సిస్టర్‌గారూ, ఆస్పత్రిలో అందరిచేతా చేతులు కడిగిస్తారు కదా. మరి ఇదేంటండీ?"

నర్సు మూటను చూసింది, కత్తెరక్కను చూసింది. "నేను వేయలేదు," అని వెళ్లిపోయింది. సాయంత్రం ఆస్పత్రి నుంచి ఒక మనిషి వచ్చి, ఇంకా కత్తెర పడని తెల్లగుడ్డ తానులన్నీ వెనక్కి పట్టుకుపోయాడు. ఖాళీ బల్ల చూసుకుని కత్తెరక్క బావురుమంది.

మర్నాడు ఆమెకు పెందలాడే మెలకువ వచ్చింది. భర్త బల్ల కింద వంగి, బుట్టలోంచి పీలిక లాగి తమ ఇంటి చెత్తమూటకు కడుతున్నాడు. పసుపు గళ్ల పీలిక.

"అదెక్కడిదండీ?"

"నీ బుట్టలోదే. పురికొస అయిపోయిందిగా. నిన్న కూడా దీంతోనే కట్టా, ముడి భలే బిగుస్తోంది."

"కట్టి ఎక్కడ వేశారు?"

ఆయన నీళ్లు నమిలాడు. "బండి వచ్చేదాకా నిలబడితే రొట్టెలు చల్లారిపోతాయే..."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. 'ఈ ముక్కలు నాకెందుకు, నువ్వే ఉంచుకో,' అని గౌను తీసుకెళ్లిన రోజు నర్సు నవ్వుతూ ఇచ్చేసింది. ఆమె మొహం కందగడ్డ అయింది.

"పోనీలే, ఎవరికీ తెలియదుగా," అన్నాడు భర్త.

"నాకు తెలుసుగా," అంది కత్తెరక్క. ఆ పూట ఆయన్ని వ్యాను ఎక్కనివ్వలేదు.

నర్సు వచ్చే వేళకు, నిన్న ఎక్కడ ఆపిందో అక్కడే నిలబడింది. పక్కన మూట పట్టుకుని మొగుడు. నిన్న ఎంత గొంతుతో అడిగిందో అంత గొంతుతోనే చెప్పింది: "అందరూ వినండి! నిన్నటి మూట సిస్టర్‌గారిది కాదు, మాది. వేసింది మా ఆయన, గుడ్డ నా బుట్టలోది. సిస్టర్‌గారూ, తప్పయిపోయింది."

వీధి గొల్లుమంది. మావయ్యగారు ఇన్నాళ్లూ ఈ పొద్దు కోసమే కాచుకున్నట్టు, "బాబూ, మూటకు చలేస్తుందేమో, ఇంటికి తీసుకెళ్లు!" అని అరిచాడు. నవ్వులు ఆగాక పళ్లకొట్టు వదిన నసుగుతూ మలుపు దగ్గరికి వెళ్లింది. "ముడి లేని ఈ సంచి నాదేలే," అని ఎవరూ అడగకుండానే ఎత్తుకుంది. అంతవరకూ పట్టుబడ్డవాళ్లే తీసేవారు. పట్టుబడకుండా తీసింది ఆమే మొదలు, ఆ వెనక ఇంకో ఇద్దరు కదిలారు. నర్సు మాత్రం నేరుగా వెళ్లి బస్సెక్కేసింది.

ఆ రోజంతా కత్తెరక్క ఉత్త మిషను తుడుస్తూ కూర్చుంది. పొద్దుగూకే వేళకు గుమ్మంలో నీడ పడింది. నర్సు తనే తెల్లగుడ్డ తానులు మోసుకొచ్చి బల్లమీద దబ్బున పడేసింది.

"కొలతలు పాతవే. కానీ ఒక్క షరతు."

"చెప్పండి సిస్టర్‌గారూ," అంది కత్తెరక్క, కళ్లు తుడుచుకుంటూ.

"మిగిలిన ముక్కలు, వేలెడు పీలికతో సహా, నాకే ఇచ్చెయ్. మీ ఆయనకు పురికొస కొనిపెట్టు."