మునిరత్నం అన్న చేసిన పూస

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను నవ్వి లేచిపోయేదాన్ని. ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తూ అవేం నమ్మకాలని నా ఉద్దేశం. ఇప్పటికీ నమ్మనని చెప్పాలనే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో ఒక ల్యాబులో పనిచేసేదాన్ని. వెంట్రుక మందాన ఉండే గాజుపూసలోకి లేజర్ కాంతిని పంపితే అది అంచు వెంబడి లోపలే తిరుగుతూ ఉంటుంది. నీటిలో ఉన్న ఆ పూసకు కంటికి కనిపించని రేణువు ఒక్కటి వచ్చి అంటుకున్నా, కంప్యూటర్ తెరమీద గీత ఒక మెట్టు జరుగుతుంది. ఆ ఒక్క మెట్టు కోసం రెండేళ్లు ఎదురుచూశాను.

పూస నున్నగా లేకపోతే కాంతి నిలవదు. గాజుతీగ కొనను మంటలో కరిగించి అలాంటి పూస చేయడం మా గాజుపనివాడు మునిరత్నం అన్నకే చేతనయ్యేది. బంగారుపాళ్యం నుంచి బస్సులో వచ్చేవాడు. జ్వరమని వారంగా రాలేదు. నేను చేసినవన్నీ వంకరపోయాయి. థీసిస్ గడువు దగ్గరపడింది.

ఆ మంగళవారం ఉదయం పదింటికి నేను వెళ్లేసరికి ఆయన మంట ముందు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఉండే మందపాటి కళ్లద్దాలు లేవు.

"అద్దాలు యాడ పెట్టినావన్నా?" అన్నాను.

"ఈ పొద్దు అవి లేకున్నా బాగా కనపడతా ఉండాది పాపా," అన్నాడు. పూస ఉన్న తీగను నా చేతికిచ్చి, "సూడు, సరిపోతాదేమో," అన్నాడు.

లోపలి గదిలో దాన్ని బిగించాను. పన్నెండింటి లోపే గీత ఒక మెట్టు జరిగింది. ఒకే ఒక్క రేణువు. ఆయనకు చెబుదామని పరుగున బయటికి వచ్చాను. ఆయన లేడు. వరండాలో మా గైడ్ అప్పుడే ఫోన్ పెట్టేసి నిలబడి ఉన్నారు.

"మునిరత్నం తెల్లారుజామున పోయినాడంటమ్మా. ఇంటోళ్లు ఫోన్ చేసినారు," అన్నారు.

వెనక్కి వెళ్లి ఆయన కూర్చున్న చోట బర్నర్ ముట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. ఉదయం తలుపు తీసిన అటెండర్‌ను అడిగితే నేను తప్ప ఎవరూ రాలేదన్నాడు.

మధ్యాహ్నం బస్సెక్కి బంగారుపాళ్యం వెళ్లాం. ఇంటిముందు శవాన్ని పడుకోబెట్టి ఉంచారు. ఆయనే.

ఒకవేళ ఆ పూస నేనే చేసి మరిచిపోయానేమో అనుకున్నాను. తర్వాత నెలల తరబడి ప్రయత్నించాను. అంత నున్నటిది ఒక్కటీ రాలేదు.

ల్యాబు నోటుపుస్తకంలో పూస ఎవరు చేశారో, ఏ రోజు చేశారో రాయాలి. ఆయన పేరు రాసి ఆ మంగళవారం తేదీ వేశాను. గైడ్ ఆ తేదీ మీద వేలు పెట్టారు.

"తేదీ సరిగ్గా సూసుకున్నావా?"

"సరిగ్గానే ఉండాది సార్."

పేజీ కింద సంతకం పెట్టారు. ఆ రోజు నాకు పూస ఇచ్చిందెవరో ఈనాటికీ నేను చెప్పలేను.