‘లేటెస్ట్’ అనే పేరు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, నంద్యాలలోని మా శిక్షణ సంస్థ నన్ను సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఆళ్లగడ్డ కేంద్రానికి డెప్యుటేషన్ మీద పంపింది. కంటైనర్ క్లస్టర్ల మీద ప్రాక్టికల్స్ చేయించాలి. ఒక ప్రోగ్రామును దాని సరంజామాతో సహా మూటకట్టి నడిపిస్తే అది కంటైనర్. అలాంటివాటిని కొన్ని యంత్రాల మీద నడుపుతూ, ఒకటి ఆగితే ఇంకొకటి లేపే ఏర్పాటు క్లస్టర్.

ఆళ్లగడ్డలో నెట్‌కు నిలకడ లేదు. బ్యాచ్‌నంతా రోజూ నంద్యాల ల్యాబుకే పంపుదామన్నారు సెంటర్ ఇన్‌ఛార్జి. అదే జరిగితే బ్యాచ్‌లోని షమీమ్ అనే అమ్మాయి మానుకోవాల్సిందే. పాసైతే ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తామని ఒక కంపెనీ ఆమెకు మాటిచ్చింది. వాళ్ల నాయన దర్జీ. ఆయన ముందే తెగేసి చెప్పాడు: “ఈడైతే నేర్చుకోనీ మేడం. దినామూ నంద్యాలకైతే పంపను.”

నేను బడికి పోలేదు. ఇంట్లో మా నాయన దగ్గరే చదువుకుని పరీక్షలు రాసినదాన్ని. ఉన్నచోటికే చదువును తెచ్చుకోవడం నాకు కొత్త కాదు. నెట్‌తో పనిలేకుండా, సెంటర్‌లోని ఒకే కంప్యూటర్ లోపల మూడు నోడ్‌ల క్లస్టర్, అంటే మూడు యంత్రాలున్నట్టు పనిచేసేది, పెట్టాను. కంటైనర్లకు అచ్చుల్లాంటి ఇమేజీలను నంద్యాలలో దించుకుని, హార్డ్ డిస్కులో తెచ్చి ఎక్కించాను. అహోబిలం స్వామికి దండం పెట్టుకుని మొదలుపెట్టాము.

మొదటిరోజే నెట్ పోయింది. కంటైనర్లుండే గూడును పాడ్ అంటారు. ఒక్క పాడ్ కూడా లేవలేదు.

“పాడ్ పాడైపాయ మేడం,” అంది షమీమ్.

“పాడని పేరు పెట్టుకుంటే బాగెట్లయితాది?” ఇన్‌ఛార్జి నవ్వారు. “బస్సు మాట్లాడేదా మేడం?”

“తప్పు పేరులోనే ఉండాదేమో, చూడనీప్పా,” అన్నాను.

నిజంగానే పేరులోనే ఉంది. పాడ్ పేరులో కాదు, ఇమేజీ పేరులో. వెర్షన్ చెప్పకపోతే ఇమేజీకి ‘లేటెస్ట్’ అనే పేరు తగులుకుంటుంది. ఆ పేరుంటే, సరుకు ఇంట్లోనే ఉన్నా క్లస్టర్ ప్రతిసారీ బయటికి పోయి అడుగుతుంది. నెట్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. అన్నిటికీ వెర్షన్ అంకె తగిలించి మళ్లీ ఎక్కించాను. పాడ్‌లు వరసగా లేచాయి. పేరు మాటెత్తిన ఇన్‌ఛార్జి నోటితోనే స్వామి దారి చూపించాడనుకున్నాను.

పరీక్షరోజు కూడా నెట్ లేదు. ఎగ్జామినర్ ఒక పాడ్‌ను తీసేయమన్నారు. షమీమ్ తీసేసింది. క్లస్టర్ దాని చోట ఇంకొకటి లేపింది. నెట్ లేకుండా ఎలాగమ్మా అని అడిగారాయన.

“కావాల్సిందంతా ఈడనే పెట్టుకున్యాం సార్. యాడికీ పోయి అడిగే పనిల్యా.”

షమీమ్ పాసైంది, ఉద్యోగమూ వచ్చింది. వాళ్ల నాయన సెంటర్‌కొచ్చి, “మీ బ్యాగుకు జిప్పు పోయిండాది, ఇట్లియ్యండి మేడం,” అని తీసుకుపోయి కుట్టి తెచ్చాడు. ఆ బ్యాగు ఇప్పటికీ వాడుతున్నాను.

ఆ క్లస్టర్ పెట్టింది నేనేనని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ల్యాబు పెట్టేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: ప్రతి ఇమేజీకి వెర్షన్ రాయండి. నెట్ తీగ పీకి, అంతా నడుస్తోందని చూసుకున్నాకే పాఠం మొదలుపెట్టండి.